మడగాస్కర్ ఆర్‌ఎన్7: డ్రైవర్‌తో కారా, టాక్సీ-బ్రూస్ సీటా?

రాజధాని అంటననరివో నుంచి నైరుతి తీరంలోని తులియార దాకా పోయే రూట్ నేషనల్ 7 (ఆర్‌ఎన్7) పొడవు దాదాపు 950 కిలోమీటర్లు. మడగాస్కర్‌కి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పట్టుకునే దారి ఇదే. దీని మీద రెండు రకాల సర్వీసులున్నాయి. ఒకటి డ్రైవర్‌తో సహా రోజు లెక్కన అద్దెకిచ్చే కారు. రెండోది సీటు లెక్కన ఎక్కే వ్యాను, దాన్ని అక్కడ టాక్సీ-బ్రూస్ అంటారు. తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సుఖం: తులియార చేరడమే పనైతే టాక్సీ-బ్రూస్ చాలు, చవక కూడా. ఆ దీవి నేల ఎలా మారుతూ పోతుందో చూడాలని ఉంటే మాత్రం కారుకు పెట్టిన ప్రతి అరియారీ (అక్కడి డబ్బు) గిట్టుబాటే. ఈ దారిలో చూడాల్సినవన్నీ ఊరికీ ఊరికీ నడుమ ఉంటాయి. వ్యానేమో ఊళ్లలోనే ఆగుతుంది, పైగా సగం దూరం చీకట్లో లాగించేస్తుంది.

ముందు కొలతలు. మ్యాపులో ఆఫ్రికా పక్కన చిన్న ముక్కలా కనిపిస్తుంది గానీ ఇది సుమారు 5.87 లక్షల చదరపు కిలోమీటర్ల దేశం. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో సగం రావు. నిలువునా 1,580 కి.మీ., బాగా వెడల్పున్న చోట అడ్డంగా 570 కి.మీ. దాకా ఉంటుంది. వారంలో దీవంతా చూపిస్తామని ఎవరైనా ప్యాకేజీ అమ్ముతుంటే ఆ వారంలో విమానాశ్రయాలు చూస్తారు, దీవిని కాదు. ఆర్‌ఎన్7 ఒక్కటే వారం తింటుంది.

దీవిని తూర్పు నుంచి పడమరకు కోసి చూస్తే ఒక పక్కకు ఒరిగిన ఇంటి కప్పులా ఉంటుంది. తూర్పు తీరం నుంచి కొంచెం లోపలికి రాగానే గోడలా నిటారు కొండవాలు, దానిమీద పీఠభూమి, అక్కడి నుంచి పడమటి సముద్రం దాకా నెమ్మదిగా దిగే పొడవాటి ఏటవాలు. హిందూ మహాసముద్రం మీంచి వచ్చే ఆగ్నేయ పవనాలు ఆ గోడకు కొట్టుకుని తేమంతా అక్కడే దించేసుకుంటాయి. అందుకే తూర్పు తీరంలో తువమసీనకు ఏడాదికి 3,000 మి.మీ. పైన వాన, పీఠభూమి మీది రాజధానికి 1,300 చిల్లర, నైరుతి మూలన తులియారకు 400 అటూ ఇటూ. ఆర్‌ఎన్7 సుమారు 1,280 మీటర్ల ఎత్తున మొదలై, పీఠభూమి వెన్ను మీద దక్షిణంగా సాగి, ఆ తర్వాత పడమరకు తిరిగి సముద్రమట్టానికి దిగుతుంది. అంటే మూడు వాతావరణాల్లో రెండు ఈ రోడ్డే చూపిస్తుంది. మూడోదాని కోసం ఒక పక్కదారి పట్టాలి, అది కారుంటేనే కుదిరే పని.

టాక్సీ-బ్రూస్ సంగతి త్వరగా తేల్చేద్దాం. రాజధానిలో దక్షిణం వైపు బళ్లకు ఎప్పటి నుంచో పేరున్న స్టాండు ఫాసన్నీ కరాన. ఆ మాటకు అర్థం ‘కరానల సమాధులు’. కరాన అంటే అక్కడ స్థిరపడ్డ భారత సంతతి వాళ్లు. మీ ముఖం చూసి మిమ్మల్నీ ఆ మాటతో పిలిచేవాళ్లుంటారు, తిట్టు అనుకోకండి. బళ్లు సహకార సంఘాల పేరు మీద నడుస్తాయి. చాలావరకు పదహారు, పద్దెనిమిది సీట్ల స్ప్రింటర్ వ్యాన్లు. వరసకు నలుగురు, నడిమి దారిలో మడత సీటు. బయల్దేరే టైమ్ అని చెప్పేది బండి నిండే టైమ్. కొన్ని సంఘాలు మాత్రం టైమ్‌కి కదిలే బళ్లు, సీటు నంబరు ఇస్తాయి. ధర కొంచెం ఎక్కువైనా అవే తీసుకోండి. డ్రైవర్ పక్కన రెండు సీట్లుంటాయి, వాటిలో కిటికీ వైపుది ఒకరోజు ముందే వెళ్లి రాయించుకోవాలి. మడత సీటు మీద వెన్ను ఆన్చడానికి సరిగా ఏమీ ఉండదు. తులియారకు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు గంటల ప్రయాణమని మర్చిపోయి అది ఒప్పుకుంటే తర్వాత రెండ్రోజులు నడుం చేత పట్టుకుని తిరగాలి. సామాను టాప్ మీద కట్టి టార్పాలిన్ కప్పుతారు. ఎర్రదుమ్ము జిప్పుల్లోంచి కూడా దూరుతుంది కాబట్టి లోపల బట్టలకు ఇంకో ప్లాస్టిక్ కవరు తప్పనిసరి.

తులియార బండి మధ్యాహ్నమో సాయంత్రమో కదిలి రాత్రంతా నడుస్తుంది. దక్షిణాన దహాలు అనే పశువుల దొంగల ముఠాల భయం ఉంది కనుక అక్కడ రాత్రిపూట బళ్లు గుంపుగా వెళ్తాయి. అంబొసిత్ర, ఫియానరంట్సువాల వరి మళ్లన్నీ నిద్రలో దాటిపోతాయి. మధ్యేమార్గం ఒకటుంది: పొద్దున కదిలే బండిలో అంట్సిరాబె దాకా ఒకరోజు, ఫియానరంట్సువా దాకా ఇంకోరోజు ముక్కలుగా వెళ్లి, అక్కణ్నుంచి దక్షిణానికి కారు మాట్లాడుకోవడం. డబ్బు చూసుకునేవాళ్లకు ఇది మంచి బేరం.

ఇక కారు. ఇక్కడ మోసం కన్నా అపార్థమే ఎక్కువ, కాబట్టి రేటు ఎలా కడతారో తెలిసి ఉండాలి. రోజు అద్దెలో బండి, డ్రైవర్ జీతం, అతని తిండి, పడక ఉంటాయి, డీజిల్ మీది. చాలా హోటళ్లలో డ్రైవర్లకు వేరే గదులుంటాయి, అతని ఏర్పాటు అతనే చూసుకుంటాడు. అసలు మెలిక తిరుగు ప్రయాణం. మీరు తులియారలో దిగిపోతారు, బండి ఖాళీగా రాజధానికి తిరిగి రావాలి. దానికి రెండు రోజుల అద్దె, ఆ డీజిల్ కూడా మీ లెక్కలోనే పడతాయి. ‘రోజుకు ఇంత’ అన్న అంకె చూసి ఏడు రోజులకు గుణించుకున్నవాళ్లకు చివర్లో తొమ్మిది రోజుల బిల్లు వస్తుంది. లెక్క ఇలా వేసుకోండి: పక్కదారులతో కలిపి పోయేటప్పుడు 1,150 కి.మీ., వచ్చేటప్పుడు 950. వందకు 12 లీటర్లు తాగే బండైతే మొత్తం 2,100 కి.మీ.కి సుమారు 250 లీటర్లు. ఏజెంటు చెప్పే డీజిల్ మొత్తం దీనికి దగ్గర్లో ఉంటే సరే. ఒకటిన్నర రెట్లుంటే కాగితం మీద లెక్క చూపించమనండి.

ఒప్పందంలో రాయించాల్సినవి నాలుగు: చీకటి పడ్డాక నడపకూడదు, స్టెప్నీలు రెండుండాలి, బండి చెడితే బదులు బండి ఎవరు ఎన్ని గంటల్లో పంపుతారు, తూర్పు అడవికి దిగే రనూమఫాన పక్కదారి కిలోమీటర్లు కలిపారా లేదా. మొదటిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ జూన్, జులైలో అక్కడ ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. లైట్లు లేని ఎడ్లబళ్లు, రోడ్డు మధ్య గుంతలు, దహాలు, మూడూ చీకట్లోనే ఎదురవుతాయి. పొద్దున ఆరున్నరకు కదలడానికి మీరు సిద్ధంగా లేకపోతే తప్పు డ్రైవర్‌ది కాదు.

ఫోర్‌వీల్ డ్రైవ్ అవసరమా? ఆర్‌ఎన్7 అంతా తారురోడ్డే, కనుక సూత్రం ప్రకారం మామూలు కారు చాలు. కానీ గత కొన్నేళ్లుగా అంట్సిరాబె నుంచి ఫియానరంట్సువా వైపు ముక్కలో గుంతలు బాగా లోతుపడ్డాయి. కింది భాగం నేలకు ఎత్తుగా ఉన్న బండి కావాలి, నాలుగు చక్రాలు తిరగనక్కర్లేదు. నలుగురైదుగురు ఉంటే స్టారెక్స్ లాంటి వ్యాను సరిపోతుంది. త్సరనూరు లోయలోకి, అందీంగిత్ర కొండల వైపు మట్టిరోడ్డున దిగాలనుకుంటే మాత్రం ప్రాడో తరగతి బండి తీసుకోండి. మడగాస్కర్‌లో బళ్లు కుడివైపున నడుస్తాయి, స్టీరింగ్ ఎడమన. ముందు సీటులో కూర్చున్నవాళ్లకు మొదటి రోజు బ్రేకు కోసం కాలు వెతుక్కుంటుంది.

ఇక దారి. అక్కడి భాష మలగాసీలో ‘ఓ’ అని రాసిన అక్షరాన్ని ‘ఉ’ అని పలుకుతారు, పదం చివరి అచ్చు దాదాపు మింగేస్తారు. మ్యాపులో అంబొసిత్ర, డ్రైవర్ నోట అంబూస్ట్. ఇది తెలియకపోతే ఊరు దాటిపోయినా తెలియదు.

అంట్సిరాబె దాకా 169 కి.మీ. కుడి చేతివైపు అంకారత్ర అగ్నిపర్వత కొండలు, అందులో త్సియాఫజవూన శిఖరం 2,643 మీటర్లు. కిటికీ సీటు ఎంచుకునేటప్పుడు మొదటి రోజు కుడివైపు, మధ్యాహ్నం ఎండ ముఖాన పడకూడదంటే తర్వాత రోజుల్లో ఎడమవైపు. ఈ ముక్కలో మామూలు యాత్రికులు అల్యూమినియం కుండలు పోతపోసే అంబటులంపిలో ఆగుతారు. ఆగండి, బాగుంటుంది. కానీ అంతకన్నా గమ్మత్తు వంతెనల కింద ఉంది. రాజధానిలో దాటే ఇకూప నది వాయవ్యంగా పోయి బెత్సిబూకలో కలిసి మూజాంబిక్ జలసంధికి చేరుతుంది. అంబటులంపి చుట్టుపక్కల వాగులు ఒనివె నదిలో పడి, అది మంగూరులో కలిసి తూర్పున హిందూ మహాసముద్రానికి. అంట్సిరాబె దాటాక వచ్చే మనీయ నది త్సిరిబీహిన ద్వారా మళ్లీ పడమరకు. రెండు రోజుల్లో రెండు సముద్రాల నీళ్లు దాటుతారు, రోడ్డు మీద మాత్రం కొండ ఎక్కినట్టే అనిపించదు. నీటి విభజన రేఖ ఒక చూపుకు ఆనని పీఠభూమి మీద ఇలా వంకరటింకరగా పోతుంది. మంచి డ్రైవర్లకు ఏ ఏరు ఎటు పోతుందో తెలుసు, అడగండి.

ఇంకొకటి లవాక. కొండ పక్కన ఎవరో పెద్ద గరిటెతో తోడేసినట్టు ఎర్రటి గొయ్యి కనిపిస్తుంది. పైన వెడల్పు, కింద మూతి సన్నం. పై పొర ఎండి గట్టిపడ్డ ఎర్రమట్టి, దాని కింద రాయి కుళ్లి మెత్తబడ్డ మన్ను. పైపెంకు ఎక్కడైనా పగిలిందంటే లోపలి ఊటనీరు మెత్తటి మన్నును కిందినుంచి తోడేస్తుంది, పైన ఆధారం లేక అంచు కూలుతుంది, గొయ్యి ఎగువకు పాకుతుంది. అడవి కొట్టడం, గడ్డి తగలబెట్టడం దీన్ని పెంచుతాయి గానీ ఆ మట్టి స్వభావమే సగం కారణం. పాతబడి ఆగిపోయిన లవాకల అడుగున తేమ ఉంటుంది కాబట్టి రైతులు అక్కడ అరటి, కూరగాయలు వేస్తారు. అంచు దగ్గరికి పోయి ఫోటో దిగొద్దు. నేల గట్టిగానే ఉన్నట్టుంటుంది, కింద డొల్ల.

అంట్సిరాబె 1,500 మీటర్ల ఎత్తు. ఉష్ణమండల దీవి అని స్వెట్టరు లేకుండా వెళ్లినవాళ్లు జులై రాత్రి హోటల్లో దుప్పట్లు అడుక్కుంటారు. తెల్లారి గడ్డిమీద మంచు గడ్డకట్టడం కూడా ఉంది. ఊరి పక్కన త్రిత్రీవ అగ్నిబిలం చెరువు చూడటానికి రెండు గంటలు చాలు.

రెండో రోజు పొడుగైనది. అంబొసిత్ర చెక్కపని దుకాణాల దగ్గర గంటకు మించి ఆగితే రనూమఫాన చేరేసరికి చీకటి పడుతుంది. ఫియానరంట్సువాకు ముందే అలకమీసి అంబుహిమహ దగ్గర తూర్పుకు తిరగాలి. అలకమీసి అంటే గురువారం. అక్కడ ఎన్నో ఊళ్ల పేర్లు సంత జరిగే వారం మీదే: తలాత మంగళవారం, జుమ శుక్రవారం, సబూత్సి శనివారం. ఆ పేరున్న ఊళ్లో ఆ వారం పడితే రోడ్డంతా ఎడ్లు, గంపలు, జనం. అరగంట అదనంగా వేసుకోండి.

ఈ పక్కదారే ప్యాకేజీలో మొదట కోసేసేది, ఎట్టి పరిస్థితిలోనూ కోయనివ్వకూడనిది కూడా. పీఠభూమి అంచు నుంచి తూర్పు గోడ దిగుతుంటే గంటలోపే పొడి గడ్డికొండలు పోయి, పొగమంచు, చెట్టుఫెర్న్‌లు, రోడ్డు పక్కనే హోరెత్తే నమురూన నది వస్తాయి. తూర్పు నదులన్నీ ఇంతే: పొట్టి, నిటారు, జలపాతాలు. రనూమఫాన అంటే వేడినీళ్లు, ఊళ్లో ఊటలున్నాయి. 1986లో ఇక్కడ బంగారు వెదురు లీమర్ (కోతిలాంటి జంతువు) బయటపడ్డాకే, 1991లో 41,600 హెక్టార్లు జాతీయ పార్కయింది. ప్రవేశ రుసుము వేరు, గైడు రుసుము వేరు, గైడు తప్పనిసరి. ఈ రెండూ కారు బిల్లులో ఉండవు. జలగలుంటాయి, మేజోళ్లు ప్యాంటు మీదికి లాగండి.

ఫియానరంట్సువా పాత ఊరు ఓ పూట చాలు. అక్కణ్నుంచి మనకార తీరానికి 163 కి.మీ. రైలు మార్గం ఉంది, తుఫానులు దాన్ని పదేపదే దెబ్బతీశాయి. నడుస్తోందో లేదో స్టేషన్‌లో కనుక్కున్నాకే ఆశపడండి, దాని చుట్టూ ప్లాన్ మాత్రం కట్టొద్దు.

అంబలవావు దాటగానే నేల మారుతుంది. వరి మళ్లు పలచబడి, నున్నటి గ్రానైట్ బోడికొండలు ఒక్కొక్కటీ విడివిడిగా లేస్తాయి. తెలంగాణ గుట్టల్లో తిరిగినవాళ్లకు ఆ రాయి తీరు పాతదే: ఉల్లిపొరల్లా పెచ్చులుగా ఊడటం, పాదాల దగ్గర గుండ్లు కుప్పపడటం. గోండ్వానా అనే పాత మహాఖండంలో ఈ రెండు నేలలూ పక్కపక్కనే ఉండేవి. భారత ఉపఖండం మడగాస్కర్‌ను వదిలి ఉత్తరానికి కదిలింది సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట. ఊరికి పన్నెండు కిలోమీటర్ల చిల్లరలో ఉన్న అంజ రిజర్వును గ్రామస్థుల సంఘమే నడుపుతుంది. చారల తోక లీమర్లు గుండ్ల మీదే ఎండ కాచుకుంటాయి. పొద్దున ఎనిమిదికల్లా వెళితే పని రెండు గంటల్లో అయిపోతుంది. బుధ, గురువారాలు పడితే అంబలవావు పశువుల సంత కూడా చూడొచ్చు.

ఇహూసి తర్వాత హురుంబె. వెయ్యి మీటర్ల ఎత్తున బల్లపరుపు గడ్డిమైదానం, చెదల పుట్టలు, అక్కడక్కడా మంటకు తట్టుకునే సత్రన తాటిచెట్లు తప్ప నిలబడ్డదేదీ ఉండదు. బర జాతి పశుపాలకులు కొత్త గడ్డి కోసం ఏటా నిప్పు పెడతారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పొగ వల్ల దూరం కనిపించదు. చాలామంది ఈ తొంభై కిలోమీటర్లూ నిద్రపోతారు. మేలుకొని ఉంటే రనూహిర దగ్గర ఒక్కసారిగా ఇసాలు కొండల వరస లేచి, దేశం భూగర్భం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఇంతవరకూ వచ్చింది అతిపురాతన స్ఫటిక శిల, దీవిలో తూర్పు మూడింట రెండొంతులు అదే. ఇక్కణ్నుంచి పడమటి అవక్షేప శిల మొదలు. బండి ఆపించి రాయి తాకి చూడండి: అంజ రాయి చేతికి గరుగ్గా గట్టిగా తగులుతుంది, ఇసాలు ఇసుకరాయిని బొటనవేలితో రుద్దితే ఇసుక రాలుతుంది. అందుకే ఇక్కడ నీళ్లు లోయలు కోశాయి, అక్కడ కోయలేదు.

1962లో ఏర్పడ్డ ఇసాలు పార్కు 81,540 హెక్టార్లు. పూర్తి రోజు ఇవ్వాలి. సహజ కొలను దాకా నడకలో నీడ తక్కువ. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ఆరున్నరకే బయల్దేరడం. సాయంత్రం ఇసాలు కిటికీ అనే రాతి కంత దగ్గర జనం గుమిగూడతారు. వెళ్లకపోయినా నష్టం లేదు, సూర్యాస్తమయం కంత లేకుండా కూడా జరుగుతుంది.

ఇలకాక 1998లో నీలాలు దొరికాక పుట్టుకొచ్చిన ఊరు. దాటి వెళ్లండి. రాళ్లు కొనొద్దు, అడక్కుండా ఫోటో తీయొద్దు. సకరాహ తర్వాత బయోబాబు చెట్లు మొదలవుతాయి, గాలి వేడెక్కుతుంది, సున్నపురాయి నేల మీద ముళ్ల పొదలు. తులియారకు 12 కి.మీ. ముందు అంట్సుకాయ్ వృక్షవనంలో ఆ ముళ్ల అడవి మొక్కలన్నీ పేర్లతో సహా ఒకచోట ఉన్నాయి, గంటన్నర పెట్టండి. మకరరేఖ ఈ దగ్గర్లోనే పోతుంది, తులియారకు కాస్త దక్షిణంగా.

డబ్బు గురించి రెండు మాటలు. డాలరుకు నాలుగు వేల అరియారీల పైచిలుకు వస్తాయి, పెద్ద నోటు 20,000. అంటే వారం ఖర్చు కట్టల్లో మోయాలి. ఏటీఎం పని ఫియానరంట్సువాలోనే ముగించుకోండి, రనూహిర మీద ఆధారపడొద్దు. 2005లో పాత ఫ్రాంకు పోయి అరియారీ వచ్చింది, ఒక అరియారీకి ఐదు ఫ్రాంకులు. పల్లెల్లో పెద్దవాళ్లు ఇంకా ఫ్రాంకుల్లోనే చెబుతారు. అరటిపళ్ల ధర ఐదు రెట్లుగా వినిపిస్తే గొడవపడకుండా ‘అరియారీనా, ఫ్రాంకా?’ అని అడగండి.

తిండి విషయంలో తెలుగువాళ్లకు ఇబ్బంది లేదు. దారిపక్క పూటకూళ్లలో అన్నం గుట్టలా పెడతారు, బల్లమీద సకాయ్ అనే మిరపముద్ద ఉంటుంది, తాగడానికి మాడు అంటిన గిన్నెలో కాచిన నీళ్లు. శాకాహారులు ‘త్సరమాసు’ అని అడిగితే బీన్స్ వస్తాయి. ‘త్సీ మిహీనన హేన’ (మాంసం తినను) అని చెప్పినా కూరలో మాంసం ముక్క కనిపించే అవకాశం ఉంది, చూసి తినండి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ సర్వీసు ఏదీ తీసుకోవద్దు, తుఫాను వంతెన తెంపితే బండి ఎంత మంచిదైనా ఒకటే. మే నుంచి అక్టోబరు సరైన కాలం. పచ్చదనం కావాలంటే మే, పొడి రోడ్డు కావాలంటే ఆగస్టు. ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్లండి. తులియార నుంచి మొదలుపెడితే ఎండిన నేల నుంచి తడి నేలకు, వేడి నుంచి చలికి ఎక్కుతూ పోతారు, అలసిన చివరి రోజు రాజధాని ట్రాఫిక్‌లో ముగుస్తుంది. తులియార నుంచి రాజధానికి తిరుగు విమానం టైమ్ తరచూ మారుతుంది కనుక తులియారలో డ్రైవర్‌ను వదిలేసే ముందు సీటు ఖాయమైందో లేదో చూసుకోండి, స్వదేశం విమానానికి ముందు రాజధానిలో ఒక రాత్రి ఖాళీ ఉంచండి. సీటు దొరక్కపోతే ఎలాగూ వెనక్కి పోయే మీ బండే ఉంది. దాని రెండు రోజుల అద్దె, డీజిల్ మీరు ఇచ్చేశారు కూడా.